తూర్పు మెట్లు (2)

జూన్ 3, సోమవారం

ఆఫీసులో మాస్టారు లేని మొదటి సోమవారం. ఆయన టేబులు తుడవమని నాకెవరూ చెప్పలేదు, అయినా తుడిచాను. పంతొమ్మిదేళ్ళలో ఆ టేబులు ఇంత బోసిగా ఉండగా ఎప్పుడూ చూడలేదు. భూతద్దం, స్కేలు, ఎర్ర పెన్సిళ్ళు, తుమ్ములొస్తే తీసే రుమాళ్ళ డబ్బా, అన్నీ శుక్రవారం సాయంత్రం ఒక్క చేతిసంచిలో పట్టేశాయి. పట్టవేమో, రెండో సంచి అడుగుతారేమో అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. అడగలేదు.

పదకొండింటికి ఆఫీసు నడిపే సారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"స్కూలు బిల్డింగు షీట్లన్నీ ఒక సెట్టుగా కట్టెయ్. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. నెలాఖరుకి కమిటీ వాళ్ళ చేతిలో పెట్టాలి."

మొత్తం నూట నలభై ఎనిమిది డ్రాయింగు షీట్లు, అన్నీ కంప్యూటర్లో. ఒకదాని పేరు 'ఫైనల్', ఒకదాని పేరు 'ఫైనల్ కొత్తది', ఇంకోదాని పేరు 'ఇదే వాడండి'. తిట్టుకుందామంటే సగం పేర్లు నేను పెట్టినవే. ప్రతిదీ తెరవాలి, షీటు మూలన గీసిన గళ్ళ డబ్బాలో నంబరు మార్చాలి, పేరు మార్చాలి, జాబితాలో దాని చోట దాన్ని కూర్చోబెట్టాలి. మంచి పని. తల ఎత్తకుండా చేసుకుపోతే పక్కకి చూడాల్సిన అవసరమే రాదు.

జూన్ 4, మంగళవారం

జరిగింది వరసగా ఒకసారి రాసుకుంటే బుర్రలోంచి పోతుందేమో.

స్కూలుకి రెండు వైపులా మెట్లు. తూర్పు వైపువి బాగానే కట్టారు. పడమటి వైపు మెట్లు ఎక్కుతుంటే మలుపు దగ్గర బీము అడ్డం వస్తోంది. అయిదడుగుల ఎనిమిదంగుళాలు దాటిన ప్రతివాడి నుదురూ దానికి తగులుతుంది. ముందు మేస్త్రీకి తగిలింది. బొప్పి కట్టించుకుని మరీ ఆఫీసుకి వచ్చి చూపించాడు. "పిల్లలకేం కాదు సార్, టీచర్లకే కాస్త ఇబ్బంది" అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. మాస్టారు మాత్రం లేచి నిలబడ్డారు.

పడమటి మెట్ల షీటు తీశారు. మూలన డబ్బాలో రెండు గళ్ళు. గీసినవారు: నా పొడి అక్షరాలు. సరిచూసినవారు: మాస్టారివి. మా ఆఫీసులో గీసినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. వాళ్ళ తప్పులు పట్టడానికే చూసేవాళ్ళున్నారంటారు సారు. కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గీత గీతా చూశాకే మాస్టారు ఆ గడిలో తన అక్షరాలు కొడతారు. ఆయన కొట్టాక ఇంకెవరూ చూడరు.

"నా అక్షరాలున్నాయి కదండీ. ఉన్నాయంటే చూశాననే. చూసి కూడా కనపడలేదంటే ఇంక ఈ కళ్ళతో పని చెయ్యకూడదు" అన్నారు మాస్టారు. సారు ఆపలేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నారు. అదీ జరిగింది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

జూన్ 6, గురువారం

నలభై ఒక్క షీట్లు అయ్యాయి. పునాదులు, స్తంభాలు, నేల ప్లాన్లు వరసలో కూర్చున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి.

మెట్ల దగ్గరికి వచ్చాను. ఆ షీటు మూలన డబ్బాలో 'పడమటి మెట్లు' అనే ఉంది. కంప్యూటరు తెర అడుగున కనబడే చిన్న చీటీ మీద మాత్రం అసలు పేరు అలాగే మిగిలిపోయింది. 'తూర్పు మెట్లు (2)'.

ఏదైనా షీటుని కాపీ చేస్తే ప్రోగ్రాం దానంతట అదే అలా పేరు పెడుతుంది. తూర్పు మెట్లు ఒకసారి గీశాక పడమటివి మళ్ళీ మొదటినుంచి ఎందుకు గీయడం, కాపీ చేసి కొలతలు మారిస్తే సరి. అందరూ చేసేదే. కాకపోతే కాపీ చేసినప్పుడు మూలన డబ్బా కూడా వచ్చేస్తుంది, అందులో సరిచూసినవారి అక్షరాలతో సహా. అందుకని ముందు ఆ గడి ఖాళీ చెయ్యాలి, తర్వాతే మిగతా ఏదైనా. నేను చేరిన మొదటి వారంలో మాస్టారు చెప్పిన పాఠం అది.

షీటు తయారైన తేదీ ఫిబ్రవరి 14. సెలవుల పుస్తకం తీసి చూశాను. పదమూడు, పద్నాలుగు, పదిహేను మాస్టారు సెలవు. బావమరిదికి ఒంట్లో బాగోలేదని వెళ్ళారు.

అంటే మాస్టారు ఆ షీటుని చూడనే లేదు.

పడమటి వైపు అంతస్తు ఒక అడుగు తక్కువ ఎత్తు. నేను మెట్లు సర్దాను, బీముని సర్దలేదు. గడి ఖాళీ చెయ్యడం మరిచిపోయాను. మరిచిపోయాను, అంతే. మనిషన్నాక మరిచిపోతారు.

జూన్ 7, శుక్రవారం

సాయంత్రం నాలుగింటికి టీ కుర్రాడు కాదు, టీ మిషనే "కప్పు పెట్టండి" అంది. "పెడుతున్నాను" అన్నాను. ఇవాళ నేను మాట్లాడిన మొదటి మాట అదే. గొంతు బొంగురుపోయి వచ్చింది.

జూన్ 9, ఆదివారం

మాస్టారింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను.

తలుపు పిన్నిగారు తీశారు. ఆఫీసులో ఆయన నాకు మాస్టారు, ఇంట్లో ఆవిడ పిన్నిగారు. వరస కలవదని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు.

"పొద్దున్న లేస్తే అద్దం ముందే. ఈ కన్ను మూసి ఒకసారి, ఆ కన్ను మూసి ఒకసారి. ఇద్దరు డాక్టర్లు చూశారు, కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నారు. ఈయన నమ్మితేగా! వాళ్ళకేం తెలుసు, నా షీటు వాళ్ళు చూశారా అంటారు."

మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొహం ఎంత విప్పారిందో! "రావమ్మాయ్, రా. స్కూలు షీట్లు ఎంతవరకొచ్చాయ్?" అన్నారు. చెప్పాను. విన్నారు. ఎవరో పాత స్నేహితుడు తన ఆఫీసులో షీట్లు చూసిపెట్టమని అడిగాడట, కుదరదన్నారట.

"మొన్నటిదాకా నేను చూసిన వాటిల్లో ఇంకెన్ని తప్పులున్నాయో. రాత్రిళ్ళు అవే లెక్కపెట్టుకుంటున్నాను. నువ్వు గీసినవి ఎన్ని పాడుచేశానో ఏమిటో" అన్నారు.

పిన్నిగారు కాఫీ తెచ్చారు. తాగాను. మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి వచ్చేశాను.

అక్క ఫోను చేసింది. అక్క ప్రతి ఆదివారం చేస్తుంది, ఏడు నిమిషాలు మాట్లాడుతుంది. "ఏంటే విశేషాలు" అంది. ఏమీ లేవన్నాను.

జూన్ 10, సోమవారం

ముందు సారుకి చెప్పడమే పద్ధతి. ఇవాళ సారు సైటులో ఉన్నారు.

జూన్ 11, మంగళవారం

ఇవాళా సైటులోనే. (మధ్యాహ్నం ఒక గంట వచ్చారు. చికాకుగా ఉన్నారు. బీము పగలగొట్టేవాళ్ళు దొరకలేదట.)

జూన్ 13, గురువారం

తొంభై ఆరు. నీళ్ళ పైపుల షీట్లు కూడా అయిపోయాయి. ఇంత శుభ్రంగా ఏ బిల్డింగు సెట్టూ ఈ ఆఫీసులో లేదు. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించి పక్కకి తిరిగాను.

జూన్ 16, ఆదివారం

మాస్టారింట్లో మూడు గంటలు ఉన్నాను.

గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఆలస్యమయితే రావేమో అనుకున్నాను" అన్నారు. స్కూటరు కనబడలేదు. మేనల్లుడికి ఇచ్చేశారట. రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే ఎవరిది పాపం అన్నారు. గోడ పట్టుకుని నడుస్తున్నారు. కూర కోస్తూ పిన్నిగారు వేలు తెగ్గోసుకుంటే, "చూశావా, నాకు కనబడి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు. ఆయన పక్క గదిలో ఉన్నారు అప్పుడు.

పిన్నిగారు నవ్వబోయి మానేశారు.

భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాను. నా పళ్ళెంలో ఆయనే వడ్డించారు. ఏడాదిలో ఎన్ని ఆదివారాలు నేను గదిలో ఒక్కదాన్నే మొన్నటి కూర వేడి చేసుకు తిన్నానో, అన్నీ గుర్తొచ్చాయి. పంతొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్నాం కానీ ఆదివారం రమ్మని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆదివారాలు ఆయనకి తీరిక ఉండేది కాదు. ఇప్పుడు గేటు దగ్గర నిలబడుతున్నారు.

ఇది రాస్తున్నందుకు నాకు సిగ్గుగా ఉంది. బస్సులో తిరిగి వస్తుంటే సంతోషంగా ఉంది నాకు. చాలా సంతోషంగా ఉంది.

జూన్ 18, మంగళవారం

మరిచిపోయానని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఎందుకు అబద్ధం రాశానో తెలియదు.

మరిచిపోలేదు. ఫిబ్రవరి పద్నాలుగున సాయంత్రం అయిదున్నరకి సైటు మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. షీటు ఇస్తే గాని కదలనన్నాడు. సరిచూసినవారి గడి ఖాళీగా ఉంటే వాడు తీసుకోడు, సారు ఒప్పుకోరు. కాపీ చేసిన షీటులో మాస్టారి అక్షరాలు ఉన్నాయి. చూశాను. చెరపడానికి దాని మీద నొక్కాను కూడా. తర్వాత వదిలేశాను. సోమవారం ఆయన వచ్చాక చూపిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఆయన ఎప్పుడూ నా షీట్లలో పెద్ద తప్పులు పట్టలేదు. అందుకని ధైర్యం.

సోమవారం ఇంకేదో పని తగిలింది.

ఇప్పుడు నిజం రాసేశాను. తేలికపడతానేమో అనుకున్నాను. పడలేదు.

జూన్ 20, గురువారం

నూట నలభై ఏడు.

జూన్ 21, శుక్రవారం

సారు అడిగారు.

"ఆ ఒక్కటీ ఎందుకు ఆగింది?"

"పేరు మార్చాలండీ."

"మారిస్తే పోలా? ఎంతసేపు పని?"

ఎంతసేపు? పది సెకన్లు. 'తూర్పు మెట్లు (2)' తీసేసి 'పడమటి మెట్లు' అని కొడితే సెట్టు పూర్తవుతుంది. అది కాపీ అని చెప్పేది ఆ చిన్న చీటీ ఒక్కటే. తేదీ ఎవరూ చూడరు, సెలవుల పుస్తకం ఎవరూ తియ్యరు. పేరు మారిస్తే మాస్టారు చూసిన షీటే అవుతుంది అది, ఎప్పటికీ.

కొట్టాను. వెనక్కి తీశాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తీశాను. కంప్యూటరు కాబట్టి సరిపోయింది, మనిషైతే ఈపాటికి విసుక్కునేవాడు.

చెప్తే ఉద్యోగం పోతుంది. పోనీ, గీయడం వచ్చినదాన్ని, ఎక్కడో ఒకచోట గీసుకుంటాను. భయం దానికి కాదు. చెప్తే మాస్టారు పోతారు. ఆయన తప్ప నన్ను 'అమ్మాయ్' అనే మనిషి ఈ భూమ్మీద లేడు, నలభై నాలుగేళ్ళదాన్ని ఇంకెవరంటారు? చెప్పకపోతే ఆయన అలాగే గోడ పట్టుకుని నడుస్తూ ఉంటారు, నేను ప్రతి ఆదివారం వెళ్ళి చూసి వస్తూ ఉంటాను.

షీటు ఒకటి ప్రింటు తీసుకున్నాను. సెలవుల పుస్తకంలో ఫిబ్రవరి పేజీకి ఫొటో తీసుకున్నాను.

జూన్ 23, ఆదివారం

చెప్పాను.

గేటు దగ్గరే ఉన్నారు. లోపలికి వెళ్ళి కూర్చోకముందే, పిన్నిగారు కాఫీకి లేవకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ప్రింటు ఆయన చేతిలో పెట్టాను. ఇది మీరు చూడలేదు మాస్టారూ, మీరు ఊళ్ళో లేరు, తూర్పు మెట్ల నుంచి కాపీ చేశాను, మీ అక్షరాలు దాంతో వచ్చాయి, చూసి కూడా చెరపలేదు. ఇంతే. బస్సులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తులేదు.

ఆయన షీటు పట్టుకుని వెలుతురులోకి నడిచారు. గోడ పట్టుకోలేదు. చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని, అంచున ఉండే అన్నిటికన్నా చిన్న అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టారు. కమ్మీల మందం, ఒకదానికొకటి ఎడం, సిమెంటు పాళ్ళు, ఆగకుండా చదివారు. బీము దగ్గరికి వచ్చేసరికి, కొలత చదివి, "తప్పు" అన్నారు. భూతద్దం లేదు, కళ్ళజోడు కూడా లేదు.

"ఏమేవ్! విన్నావా? నేను చూడలేదుట! నా కళ్ళు బాగానే ఉన్నాయి!"

పిన్నిగారు వచ్చి కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఇద్దరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, ఆ నవ్వులో నాకూ వాటా ఉన్నట్టు.

తర్వాత నా వైపు తిరిగి మామూలుగానే అడిగారు.

"ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?"

షీట్లు సర్దుతుంటే తెలిసిందని చెప్పచ్చు. మాట నాలుక చివర దాకా వచ్చింది.

"మేస్త్రీ వచ్చిన రోజే తెలుసు మాస్టారూ."

ఆయన షీటుని మడత పెట్టారు. మేం మడిచే పద్ధతిలోనే, మూలన డబ్బా పైకి కనబడేలా, అంచుకి అంచు సరిగ్గా కలిపి. నా చేతికిచ్చారు.

"పోయిన ఆదివారం ఇక్కడ భోంచేశావు" అన్నారు.

అవునన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వెయ్యలేదు, విసురుగా కూడా వెళ్ళలేదు. నేను నిలబడే ఉన్నాను. పిన్నిగారు కాసేపటికి, "చెప్పులు ఎండలో ఉన్నాయి. కాలుతాయి, చూసుకో" అన్నారు. మళ్ళీ ఎప్పుడొస్తావని ఎప్పుడూ అడిగేవారు.

అక్క ఫోను చేస్తే తియ్యలేదు.

జూన్ 24, సోమవారం

సారుకి చెప్పాను. సెలవుల పుస్తకం ముందు పెట్టాను, తెర మీద చీటీ చూపించాను. రెండూ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత అరిచారు. అరవాల్సిందే. చివరికి కుర్చీలో కూలబడి, "నిన్ను పొమ్మంటే ఈ సెట్టు కమిటీ వాళ్ళకి ఎవరిస్తారు? నేనా? నాకు పేజీ తిప్పడమే సరిగ్గా రాదు" అన్నారు. ఇకనుంచి నా పేరుతో ఏ షీటూ సైటుకి నేరుగా వెళ్ళదు. మాస్టారికి ఆయనే ఫోను చేశారు. నా ముందే చేశారు. అవతల మాస్టారి గొంతు వినబడింది, మాటలు తెలియలేదు.

నూట నలభై ఎనిమిదోదాని పేరు మార్చాను. సరిచూసినవారి గడి ఖాళీ చేశాను.

జూలై 1, సోమవారం

వచ్చారు. అదే చేతిసంచి. భూతద్దం, స్కేలు, ఎర్ర పెన్సిళ్ళు, రుమాళ్ళ డబ్బా ఎక్కడివక్కడ పెట్టుకున్నారు. లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఆయనా పెట్టారు.

స్కూటరు మేనల్లుడి దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకున్నారట. సారుతో చెబుతుంటే విన్నాను.

జూలై 2, మంగళవారం

మంచినీళ్ళ సీసా కిందపడితే తీసిచ్చారు. థాంక్స్ అన్నాను.

జూలై 4, గురువారం

కొత్త పని వచ్చింది, చిన్న ఆసుపత్రి. మూడు షీట్లు గీసి, ప్రింటు తీసి ఆయన టేబులు మీద పెట్టాను.

మొదటిది చేతిలోకి తీసుకుని అడిగారు.

"కాపీనా, కొత్తదా?"

"కొత్తదే మాస్టారూ."

స్కేలు పెట్టి ప్రతి గీతా కొలిచారు. నేను రాసిన అంకె చూసి ఊరుకోకుండా, అంకె మీద వేలు పెట్టి మళ్ళీ కొలిచారు. ఇదివరకు నా షీట్లు చూసేటప్పుడు పిన్నిగారి మీద చాడీలు చెప్పేవారు, ఆవిడ ఉప్పు మరిచిపోయిన సంగతి, తాళంచెవి పారేసుకున్న సంగతి, చెబుతూనే చూసేవారు. షీటు అయ్యేసరికి నాకు కడుపు నొప్పి పుట్టేది నవ్వి నవ్వి. ఇవాళ ఒక్కో షీటుకి గంట పట్టింది. పెన్సిలు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్క తప్పు కూడా దొరకలేదు. అక్షరాలు కొట్టి, పక్కన తేదీ, గంట, నిమిషం కూడా వేశారు.

రెండోది.

"కాపీనా, కొత్తదా?"

"కొత్తదే."

మూడోది ఇచ్చేటప్పుడు ఆయనకి శ్రమ ఎందుకని నేనే ముందు చెప్పాను, "ఇదీ కొత్తదే మాస్టారూ."

ఆయన ఆగి నా మొహంలోకి చూశారు. వచ్చిన దగ్గర్నుంచి సూటిగా చూడటం అదే మొదలు.

"నేను అడిగాక చెప్పండి" అన్నారు.

అడిగారు. చెప్పాను.